ముందు ఒంటరిగా మాట్లాడాలి

దోర్కా ఆ ఫోన్ చేసింది మంగళవారం పొద్దున పదకొండున్నరకు. అప్పటి నుంచి గురువారం మధ్యాహ్నం దాకా ఆమె ఒక్క చోట కుదురుగా కూర్చున్నది లేదు.

హెచ్ఎంటీ నగర్‌లో ఆమెకో చిన్న షాపు ఉంది. చీరలకు ఫాల్ కుట్టి, అంచుకు పికో చేసి ఇస్తుంది. మిషన్ ముందు గోడకు రంగురంగుల దారపు రీళ్లు, వాటి కింద ఒక స్టాండు, స్టాండులో ఫోన్. కాలు మిషన్ మీద, కన్ను ఫోన్ మీద. ఆమె చూసేది సినిమాలు కాదు, సీరియళ్లు కాదు. "నాచారం ఉప్పల్ అక్కాచెల్లెళ్లు" అని ఫేస్‌బుక్‌లో ఒక గ్రూపు ఉంది. పద్నాలుగు వేల మంది ఆడవాళ్లు అందులో ఉన్నారు. దానికి ముగ్గురు అడ్మిన్లు. రామంతాపూర్‌లో ఉండే రత్నకుమారి టీచర్ ఒకరు, దోర్కా ఒకరు. మూడో ఆమె ఎస్తేర్ కాన్పుకని పుట్టింటికి పోయి మూడు నెలలుగా అజా పజా లేదు.

కరోనా రోజుల్లో చర్చిలోని స్త్రీల సమాజం వాళ్లు నలభై మంది కలిసి మొదలుపెట్టిన గ్రూపు అది. పాల ప్యాకెట్లు ఎక్కడ దొరుకుతున్నాయి, ఏ మందుల షాపు తెరిచి ఉంది, అంతే. తరువాత పక్కింటివాళ్లు చేరారు, వాళ్ల పక్కింటివాళ్లు చేరారు, హాస్టళ్లలో ఉండే పిల్లలు చేరారు. అద్దె గదులు, ఉద్యోగాలు, పాత కూలర్లు, పనిమనుషులు, అన్నీ అందులోనే. మంది పెరిగేసరికి కొట్లాటలూ పెరిగాయి. అప్పుడు ఒక ఆదివారం ఆరాధన అయిపోయాక రత్నకుమారి టీచర్ దోర్కాను వెనుక బెంచీ మీద కూర్చోబెట్టుకుని పొడుగు నోటుపుస్తకంలో ఏడు రూల్సు రాసింది. మతం మాటలు మాట్లాడరాదు. అమ్మకాలు శనివారమే. ఎవరి ఫోటో గానీ నంబరు గానీ పెట్టరాదు. ఇలాంటివి.

ఐదో రూలు మాత్రం చర్చి సంఘంలో ఉన్న పద్ధతినే తెచ్చి పెట్టింది. సంఘంలో ఎవరి మీదనైనా ఫిర్యాదు ఉంటే పెద్దలు దాన్ని నలుగురి ముందుకు తీసుకురారు. ముందు ఒకరు వెళ్లి ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడతారు. వినకపోతే ఇద్దరు వెళతారు. అప్పటికీ వినకపోతేనే సంఘం ముందు పెడతారు. గ్రూపులోనూ అంతే అన్నది రత్నకుమారి.

ఆ రూలు ఎన్ని పంచాయితీలు తీర్చిందో లెక్క లేదు. సారలమ్మ కర్రీ పాయింట్ పప్పులో వెంట్రుక వచ్చిందని ఒకామె రాస్తే, దోర్కా ఆ పోస్టు ఆపి సారలమ్మ దగ్గరికి పోయి మాట్లాడింది. సారలమ్మ మరునాటి నుంచి తలకు గుడ్డ కట్టుకుంది. ఫిర్యాదు చేసినామె ఇప్పుడు రోజూ అక్కడే కూర కొంటుంది. అట్లా ఒక్కో పంచాయితీ తీరినప్పుడల్లా రత్నకుమారి "సమసిపోయింది" అని రాసి దండం బొమ్మ పెట్టేది. ఆ మాట చూస్తే దోర్కాకు కడుపు నిండినట్టుండేది. పదో తరగతి తప్పిన మనిషి తను. పద్నాలుగు వేల మంది తగువులు తీరుస్తోంది మరి.

ఆ మంగళవారం పదకొండు కావస్తుండగా దోర్కా దుకాణం తెరిచి గ్రూపు చూస్తే, తెల్లవారుజామున వచ్చి అడ్మిన్ల అనుమతి కోసం ఆగి ఉన్న పోస్టు ఒకటి కనబడింది. రాసినామె పేరు ఎవరికీ కనబడకుండా పెట్టింది.

"నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల మందుల డబ్బాలు ప్యాక్ జేసే కంపెనీల పని చేస్త. మా లైన్ సూపర్‌వైజర్ ఉమామహేశ్వర్ రోజు షిఫ్ట్ అయినంక బండి మీద నా వెనుక వస్తుండు. నిన్న ఉప్పల్ల మా హాస్టల్ గల్లీ దాక వచ్చిండు. ఇంకెవరికన్న గిట్ల జరిగిందా? జరిగితే చెప్పుర్రి."

కింద ఒక ఫోటో. తెల్ల స్కూటీ మీద మనిషి, గడ్డం చక్కగా కత్తిరించుకున్నాడు. ఫోటో కింద అతని నంబరు. పేరు దాచుకున్నా అడ్మిన్లకు మాత్రం కనబడుతుంది. మానస. ముఖం ఉండాల్సిన చోట చామంతి పువ్వు బొమ్మ.

దోర్కా మిషన్ ఆపి రత్నకుమారికి ఫోన్ చేసింది.

"వందనాలు టీచర్. పోస్టు చూసిన్రా?"

"చూసిన. ఫోటో ఉంది, నంబర్ ఉంది. మూడో రూలు కింద ఆపు."

"ఆపిన. కానీ ఇది పప్పుల వెంట్రుక పంచాయితీ కాదు గదా. ఆడపిల్ల."

"అందుకే మరి ఐదో రూలు. నిరుడు ఇంకో గ్రూపుల ఎవరో డ్రైవర్ ఫోటో పెట్టి తిట్టిన్రు, తీరా చూస్తే మనిషే వేరు. పద్నాలుగు వేల మంది చూసినంక తుడిస్తే పోతదా? ఆయనకూ పెండ్లాం పిల్లలుంటరు. నంబర్ ఉంది గదా. మాట్లాడు. మెత్తగ మాట్లాడు."

దోర్కా కొంచెంసేపు ఫోన్ చేతిలో పట్టుకుని తిప్పింది. రూలు ఉన్నది ఇలాంటప్పటికే కదా అనుకుంది. నంబరు కొట్టింది.

"ఉమామహేశ్వర్ గారా? నా పేరు దోర్కా. మాది ఆడోళ్ల గ్రూపు. మీ మీద ఒక మాట వచ్చింది. నలుగురిల పెట్టకముందు మీతోని మాట్లాడుదామని చేసిన."

అవతల మిషన్ల చప్పుడు. తరువాత తలుపు మూసిన చప్పుడు. ఆ తరువాత గొంతు చాలా మెత్తగా వచ్చింది.

"అయ్యో, మంచి పని చేసిన్రక్కా. ముందు నాకే చెప్పిన్రు. ఎవరన్నరు?"

"పేరు చెప్పొద్దు. మా రూలు."

"పేరొద్దు లే అక్కా. ఏమన్నరో చెప్పు. తప్పుంటే దిద్దుకుంట."

దోర్కాకు ఆ మాట తెలిసిన మాట. సంఘంలో పెద్దలు ఇంటికి పోతే మనుషులు అట్లాగే అంటారు, తప్పుంటే దిద్దుకుంటామని. ఆమె మనసు కుదుటపడింది.

"షిఫ్ట్ అయినంక వెనుక పోతున్నవంట తమ్మీ. నిన్న ఉప్పల్ల హాస్టల్ గల్లీ దాక పోయినవంట. ఆడపిల్ల భయపడతది గదా."

"ఓ... అదా!" అతను నవ్వాడు. "అర్థమైంది అక్కా. ఆ దారిల మా బాబాయి ఇల్లుంది. తప్పుగ అనుకున్నది. నేనే మాట్లాడి సారీ చెప్త. నువ్వు ఫికర్ జెయ్యకు."

దోర్కా ఫోన్ పెట్టేసి రత్నకుమారికి జరిగింది రాసింది. వెంటనే దండం బొమ్మ వచ్చింది. మానసకూ రాసింది: "మాట్లాడినం బిడ్డా. సారీ చెప్తనన్నడు. పోస్టు అవసరం లేదు."

ఆకుపచ్చ చీర అంచు మిషన్ కిందికి తోసింది. జానెడు పికో అయిందో లేదో కాలు ఆగిపోయింది. అర్థమైంది అక్కా, అన్నాడు. ఏం అర్థమైంది? నిన్న అతను ఎంతమంది వెనుక పోయి ఉంటాడు? ఒక్కదాని వెనుకే కదా. పేరు చెప్పకుండానే పేరు చెప్పేసింది తను.

దోర్కా లేచి నిలబడింది. మళ్లీ కూర్చుంది. మానస అప్పటికి మెసేజీ చూడలేదు. రెండోసారి రాసింది, మూడోసారి రాసింది. కంపెనీలో లైను మీద ఉన్నంతసేపూ ఫోన్లు గేటు దగ్గర పెట్టించుకుంటారని, భోజనం టైములోనే ఇస్తారని ఆమెకు తెలియదు. పన్నెండున్నర దాటాక ఫోన్ మోగింది. సన్నని గొంతు, దాని నిండా కోపం.

"నువ్వేనా దోర్కా?"

"నేనే బిడ్డా, నువ్వు..."

"నిన్ను వాడితోని మాట్లాడమని నేను చెప్పిన్నా? అడిగిన్నా?"

"అది మా రూలు..."

"మీ రూలు! లైన్ల అందరి ముందు నా టేబుల్ కాడికొచ్చి నిలబడ్డడు. 'నా మీద ఫేస్‌బుక్‌ల రాస్తవా? ఏదీ, కనబడుతలేదే? మీ దోర్కక్క నా మాటే విన్నది' అన్నడు. రెండింటికి షిఫ్ట్ అయితది. గేటు కాడ మాట్లాడుకుందం అన్నడు. ఫోన్ మల్ల పెట్టెయ్యాలె. ఉంట."

ఫోన్ కట్టయింది.

దోర్కా పర్సు చంకలో పెట్టుకుని షట్టర్ సగం దించింది. సరిగ్గా అప్పుడే ఆకుపచ్చ చీర ఆమె వచ్చింది.

"ఏందమ్మా, దుకాణం బంద్ జేస్తున్నవ్? మధ్యాహ్నం ఇస్తనన్నవ్ గదా. సాయంత్రం ఫంక్షన్!"

"సగం అయింది. రేపు."

"సగం పికో చీర కట్టుకొని పోవాల్నా నేను?"

"సగం ముడుచుకుంటే కనబడదు," అంటూనే దోర్కా చీరను ఆమె చేతిలో పెట్టి తాళం వేసేసింది. ఆమె వెనుక నుంచి అంటున్న మాటలు సందు మలుపు దాకా వినబడ్డాయి.

దోర్కా మొగుడు ఆరోన్ షేర్ ఆటో నడుపుతాడు. అతనికి ఫోన్ చేస్తే నారపల్లి దగ్గర ఉన్నానన్నాడు. "ఏమైంది, ఎందుకు ఉరుకులాడుతున్నవ్?" అని అడిగాడు. "ఏం లే" అని పెట్టేసి, దొరికిన ఆటో ఎక్కింది. ఆటో ముందు లారీలు, లారీల ముందు లారీలు. దిగి నడిచింది. ఎండ నడినెత్తిన ఉంది. చెప్పుల్లో అరికాళ్లు కాలుతున్నాయి. ఏం చేయడానికి పోతోందో ఆమెకే తెలియదు. పోకుండా మాత్రం ఉండలేదు.

గేటు ముందుకు చేరేసరికి రెండుకు పది నిమిషాలుంది. రోడ్డుకు ఇవతల టీ డబ్బా, దాని పక్కన తెల్ల స్కూటీ, స్కూటీ మీద ఫోటోలోని గడ్డం. ఫోన్లో అక్కా అన్న మనిషి ఇతడేనా? తీరిగ్గా కూర్చుని టీ తాగుతున్నాడు.

అప్పుడు తట్టింది దోర్కాకు. ఇతని ముఖం తనకు తెలుసు. ఆ పిల్ల ముఖమే తెలియదు. తెలిసింది చామంతి పువ్వు ఒక్కటే.

గంట మోగింది. ఒక్కసారిగా ఆడపిల్లలు బయటికి వచ్చారు. అందరి మెడలోనూ అదే రంగు తాడు, అందరి ముఖాన అదే అలసట. నూటయాభై మంది ఉంటారు. ఎవరిని పిలవాలి? పేరు పెట్టి అరిస్తే అందరూ తిరిగి చూస్తారు. దోర్కా గేటు వైపు చూడడం మానేసి అతని కళ్ల వైపు చూసింది. అతను ఒక్కొక్కరినే దాటేస్తున్నాడు. చూపు ఒక చోట ఆగింది. టీ గ్లాసు కింద పెట్టాడు. అదే చూపు వెంట దోర్కా కూడా చూసింది. బక్కపలచని పిల్ల, పసుపుపచ్చ బ్యాగు, తల దించుకుని గోడ వెంట గబగబా నడుస్తోంది.

దోర్కా రోడ్డు దాటి పరుగు లాంటి నడకతో ఆ పిల్లను అందుకుంది.

"నేను దోర్కాను."

మానస ఆగలేదు. పక్కకైనా చూడలేదు. "ఇంకేం మిగిలిందని వచ్చినవ్? చేసింది చాలదా?"

"ఒక్కదానివే పోవద్దని వచ్చిన."

"రేపు గూడ వస్తవా? ఎల్లుండి?"

వెనుక స్కూటీ స్టార్ట్ అయిన చప్పుడు. మెయిన్ రోడ్డు మీద ఉప్పల్ ఆటో ఒకటి కదులుతుంటే ఇద్దరూ ఎక్కారు. వెనుక సీటులో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. ఆటో అద్దంలో తెల్ల స్కూటీ ఒకసారి కనబడుతోంది, ఒకసారి బస్సు చాటుకు పోతోంది. దోర్కా అద్దం మీద నుంచి కళ్లు తీయలేకపోయింది.

"నిన్నటి దాక దాస్కుంట వచ్చెటోడు," అన్నది మానస, ముందుకు చూస్తూనే. "ఇప్పుడు వానికి దాస్కునే పని గూడ లేకుంట చేసినవ్."

"పోలీసులకు చెప్పలేకపోయినవా బిడ్డా?"

"ఏమని చెప్పాలె? నేను నడిచిన దారిల నడిచిండనా? పేరియ్యాలె, కంపెనీ పేరియ్యాలె. ఒక్కదాన్నే చెప్తే ఉద్యోగం పొయ్యేది ఎవరిది? వానిదా, నాదా?"

"మరి ఏం కావాలని రాసినవ్?"

మానస మొదటిసారి ఆమె వైపు తిరిగింది. "నువ్వు చదివినవా లేదా? ఇంకెవరికన్న గిట్ల జరిగిందా అని అడిగిన. గంతే. నాకంటే ముందు సిరి అని ఒక పిల్ల ఉండె మా లైన్ల. చెప్పకుంట చెయ్యకుంట మానేసింది. నంబర్ మార్చింది. ఇంకొకామె ఉంది, పేరు తెల్వదు, ఇంకో షిఫ్ట్. వీడు పొయ్యేదాక బాత్రూంల కూసుంటదంట. ఒక్కరన్న అవును అంటే ఇద్దరం కలిసి ఆఫీసుకు పోదుమని. నీ గ్రూపుల పద్నాలుగు వేల మంది ఉన్నరు గదా, ఒక్కరన్న దొరకరా అని."

దోర్కా ఆ వాక్యం చదివింది నిజమే. చదివి దాటేసింది. ఆమె కళ్లకు ఫోటో కనబడింది, నంబరు కనబడింది, రూలు కనబడింది. ఆ పిల్ల అడిగిన మాట మాత్రం కనబడలేదు.

ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర దిగారు. ఫ్లైఓవర్ స్తంభాల దుమ్ములో నుంచి, బండి రాలేని చోటని స్కైవాక్ మెట్లెక్కి పైన నిలబడ్డారు. కింద, మెట్ల పక్కనే, స్కూటీ ఆగింది. అతను దిగలేదు. హెల్మెట్ తీసి హ్యాండిల్‌కు తగిలించి, పైకి చూసి చెయ్యి ఊపాడు.

దోర్కా ఫోన్ తీసి రత్నకుమారికి చేసి జరిగింది అంతా చెప్పింది.

"సారీ చెప్తనన్నడు గదా," అన్నది రత్నకుమారి.

"కింద నిలబడి చెయ్యి ఊపుతుండు టీచర్. గిదేనేమో సారీ."

"నువ్వు ఆవేశపడకు. ఒక్కరి కోసం రూలు పక్కకు పెడితే రేపు అందరూ..."

"ఆ రూలు సంఘం కోసం ఉన్నది టీచర్. ఆడ తప్పు చేసినోడు ఆదివారం వచ్చి మన మధ్యనే కూసోవాలె. పెద్దల ముఖం చూడాలె. సిగ్గుంటది. వీనికి మనం ఎవరం? ఏ ఆదివారం వస్తడు వీడు?"

"రూలు మార్చాలంటే కూసొని మాట్లాడుకోవాలె. నడిరోడ్డు మీద కాదు."

"అయితే నడిరోడ్డు మీదికే రాండ్రి. రామంతాపూర్ నుంచి ఎంతసేపు?"

జన్మలో రత్నకుమారితో అట్లా మాట్లాడలేదు దోర్కా. పెట్టేశాక స్కైవాక్ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది, మళ్లీ వచ్చింది. మానస రెయిలింగుకు ఆనుకుని, "జర ఒక్క చోట నిలబడక్కా, తల తిరుగుతుంది" అన్నది.

అరగంటకు రత్నకుమారి వచ్చింది. ఖద్దరు చీర, గొడుగు, భుజాన సంచీ, ముఖం నిండా కోపం. ఆ కోపం ఎవరి మీదో ఆమెకే తెలిసినట్టు లేదు. పైనుంచి కిందికి వంగి స్కూటీని చూసింది. మానసను ఏమీ అడగలేదు. "రా దోర్కా" అని మెట్లు దిగింది. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. తిన్నగా పోయి అతని ముందు నిలబడింది.

"నాయనా, పొద్దున ఈమె ఒక్కతే మాట్లాడింది. ఇప్పుడు ఇద్దరం వచ్చినం. ఆ పిల్ల వెనుక రావద్దు. ఇంటికి పో."

అతను స్కూటీ మీద నుంచి లేవను కూడా లేదు.

"అవ్వా, గిది పబ్లిక్ రోడ్డు. నేను నిలబడ్డ. ఏ రూలు కింద పొమ్మంటవ్?"

"మర్యాద..."

"మీ గ్రూపు రూల్సు మీ గ్రూపుల చెప్పుకోండి. లైకులొస్తయ్." దోర్కా వైపు తిరిగాడు. "అక్కా, థాంక్స్. పోస్టు పడితే ఎవరు రాసిన్రో తెల్వక రెండు రోజులైనా పరేషాన్ అయ్యేటోణ్ని. నువ్వు ఫోన్ చేసి మంచి పని చేసినవ్."

రత్నకుమారి గొడుగు మూసింది. ఒక్క క్షణం ఆ గొడుగుతో ఏం చేస్తుందోనని దోర్కా భయపడింది. ఏమీ చేయలేదు. వెనక్కి తిరిగి మెట్లెక్కింది. సగం మెట్ల మీద ఆగి, ఊపిరి తీసుకుని, అక్కడే కూర్చుంది. పైనుంచి మానస దిగి వచ్చింది.

"బిడ్డా, పోస్టు మల్ల రాయి," అన్నది రత్నకుమారి.

"ఫోటో?"

"ఫోటో వద్దు. నంబరు వద్దు. అవి పెడితే వాడు మన మీదనే కేసు వేస్తడు. కంపెనీ గేటు, లైను, షిఫ్టు రాయి. తెలియాల్సినోళ్లకు తెలుస్తది."

"పేరు?"

రత్నకుమారి దోర్కా వైపు చూసింది. దోర్కా అన్నది: "సూపర్‌వైజర్ అంటే చాలదా? ఆ లైన్ల సూపర్‌వైజర్ ఒక్కడే గదా. నీకెట్ల మంచిగనిపిస్తే గట్ల. ఈసారి నువ్వు చెప్పినట్టే."

మానస మెట్టు మీద కూర్చుని చాలాసేపు రాసింది. తుడిచింది, మళ్లీ రాసింది. అతని పేరు రాయలేదు. తన పేరు మాత్రం దాచుకోకుండా పెట్టింది. "వానికి తెలిసిపోయినంక ఇంకెవరి కాడ దాసుడు?" అన్నది. దోర్కా అనుమతి ఇచ్చింది. పోస్టు పైకి పోయింది.

ఆ వెంటనే రత్నకుమారి తన ఫోన్‌లో ఐదో రూలు తెరిచి, కళ్లద్దాలు సర్దుకుని, ఒక వాక్యం చేర్చింది. ఆడపిల్ల భయపడి రాసిన పోస్టు విషయంలో అవతలివాళ్లతో అడ్మిన్లు మాట్లాడరు; ఏం చేయమంటావని ముందు రాసినామెనే అడగాలి. చేర్చి దోర్కాకు చూపించింది. దోర్కా చదివి, "ఇది ఎందుకు మార్చినమో గూడ రాయాలె టీచర్" అన్నది. ఇన్నేళ్లు తీర్పులు చెప్పిన గ్రూపులో తన తప్పు తనే రాయాలి. రాసింది. "ఇయ్యాల నేను అడగకుండా అవతలి మనిషికి ఫోన్ చేసిన. దానివల్ల ఆ చెల్లెకు ఆపద వచ్చింది. తప్పు నాది." దోర్కా అని కింద పేరు పెట్టింది.

మొదటి జవాబు పది నిమిషాలకు వచ్చింది. "ఐదో రూలు ఏమైంది? మా తమ్ముని మీద ఎవరో రాస్తే ఫోన్ చేసి అడిగిన్రు గదా? ఇప్పుడు మీ ఇష్టమా?" రెండోది, "ఈ అడ్మిన్లు దిగిపోవాలె". మూడో జవాబులో ఎవరో కూలర్ ఉందా అని అడిగారు. దోర్కా ఒక్కో జవాబూ చదువుతూ గోళ్లు కొరుక్కుంది. ఏదీ తుడవలేదు. కింద స్కూటీ మనిషి తన ఫోన్ చూసుకున్నాడు. ఎవరో పంపినట్టున్నారు. తల ఎత్తి వాళ్ల వైపు చూశాడు. ఈసారి చెయ్యి ఊపలేదు. బండి తిప్పుకుని దుమ్ములో కలిసిపోయాడు.

మానసను హాస్టల్ గదిలో వదిలి, హాస్టల్ నడిపే ఆమెకు చెప్పి, దోర్కా ఇల్లు చేరింది. అన్నం కలుపుకుని కూర్చుని ఫోన్ చూసింది. మళ్లీ చూసింది. ఆరోన్ "తిను ముందు" అన్నాడు. ఏడింటికి కొత్త పేరుతో ఒక జవాబు వచ్చింది. "నేను సిరిని. మార్చిల మానేసిన. గిందుకే మానేసిన. మానసా, నంబర్ పంపు." దోర్కా చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడింది.

బుధవారం మానస పనికి పోలేదు. మల్లాపూర్ నుంచి ఇంకొకామె, పెళ్లయినామె, మానసకే నేరుగా రాసింది. బాత్రూంలో కూర్చునే ఆమె. గురువారం పది గంటలకు ముగ్గురూ కలిసి కంపెనీ ఆఫీసుకు పోదామనుకున్నారు. అక్కడ కాగితం తీసుకోకపోతే నేరుగా ఆడవాళ్ల కోసం ఉన్న పోలీసుల షీ టీమ్ దగ్గరికి. దోర్కా కూడా వస్తానన్నది.

"లోపటికి రావద్దక్కా," అన్నది మానస గేటు ముందు. "నువ్వు మాట్లాడితే మెత్తగ మాట్లాడుతవ్."

దోర్కా టీ డబ్బా పక్కన నిలబడింది. పదిన్నర అయింది. పదకొండు అయింది. టీ తాగింది, ఇంకోటి తాగింది. గేటు దాకా పోయింది, కాపలా మనిషి చూస్తే వెనక్కి వచ్చింది. రత్నకుమారి రెండుసార్లు ఫోన్ చేసి ఏమైందని అడిగింది. తెలియదు అన్నది. మానసకు ఫోన్ చేద్దామని నంబరు తీసింది. వేలు దాని మీద పెట్టి ఆపేసింది. అడగకుండా చేసిన ఫోన్ ఒకటి చాలు. గ్రూపులో ఎవరో ఇల్లు అద్దెకు ఉందని రాశారు, అనుమతి ఇచ్చింది. ఇంకెవరో గురువారమే కూలర్ అమ్ముతున్నారు, శనివారం పెట్టమన్నది. మళ్లీ గేటు వైపు చూసింది.

పన్నెండు దాటాక ముగ్గురూ బయటికి వచ్చారు. సిరి కళ్లు ఎర్రగా ఉన్నాయి. మల్లాపూర్ ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. మానస చేతిలో ముద్ర వేసిన కాగితం ఉంది.

"ఏమన్నరు?"

"ముగ్గురిని వేరే వేరే గదులల్ల కూసోబెట్టి రాయించుకున్నరు. మూడు కాగితాల్ల ఒక్కటే మాట వచ్చింది. విచారణ అయ్యేదాక వాణ్ని రానియ్యరంట." మానస కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. "ఒక్కదాన్నే పోయి ఉంటే కూసోబెట్టేటోళ్లు గూడ కాదు."

"విచారణ అయినంక?" అన్నది దోర్కా.

"అయినంక చూస్తం. ఈ లోపట వేరే లైన్లల్ల గూడ అడగాలె." మానస ఫోన్ తీసి గోడ నీడకు జరిగింది. "మా కంపెనీ ఆడోళ్లకు ఒక గ్రూపు పెడుతున్న. సిరి, ఆడ్ చేసిన, చూసుకో. వదినా, మీ నంబర్ చెప్పుర్రి."

ఇద్దరి ఫోన్లూ టింగుమన్నాయి. దోర్కా తన ఫోన్ వైపు చూసుకుంది. మళ్లీ చూసుకుంది.

"నన్ను?"

మానస తల ఎత్తింది. మూడు రోజుల్లో మొదటిసారి ఆ ముఖంలో నవ్వు లాంటిది కనబడింది.

"నువ్వు ఈ కంపెనీల ఎప్పుడన్న పని చేసినవా అక్కా?"

"లేదు."

"మరి మా గ్రూపుకు ఒక్కటే రూలు. ఈడ పని చేసినోళ్లే ఉండాలె."

సిరి కిసుక్కున నవ్వింది. మల్లాపూర్ ఆమె కూడా కొంగు చాటున నవ్వింది. దోర్కా ఫోన్ పర్సులో పెట్టుకుని, ఎదురుగా వస్తున్న ఉప్పల్ ఆటోకు చెయ్యి ఎత్తింది.